ఎడమకాలికి పని లేని బండి

శివరాత్రి వెళ్ళిన వారానికి ఒక సాయంత్రం షాపు నుంచి ఇంటికి నడిచి వచ్చాను. వాకిట్లో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్న నా భార్య పుట్టమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"ఒక చెప్పు యాడ పోయిందప్పా?"

కిందికి చూసుకున్నాను. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమకాలు ఉత్తదే. సాయంత్రమైనా సెగ తగ్గని సిమెంటు రోడ్డు మీద అంత దూరం నడిచి వచ్చాను. చెప్పు ఎక్కడ జారిందో తెలియదు. అరికాలికి సెగ తగల్లేదు.

"తెగిపోతే పారేసినా," అన్నాను.

"తెగితే రెండూ పారేస్తారు గానీ, ఒకటి ఏసుకోని వస్తారా ఎవురన్నా?" అని ఆమె మళ్ళీ పప్పులో పడింది.

వెనక్కి వెళ్ళి వెతికాను. సోడాబండి పక్కన దొరికింది. కాలు దూర్చి, సరిగ్గా దూరిందో లేదో వంగి చూసుకుని ఇంటికి వచ్చాను. ఆ ఎండాకాలమంతా అట్లా వంగి చూసుకోవడమే నా పని అయింది.

నేను డ్రైవర్ని. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే వేణుమాధవ్ గారి దగ్గర పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. వారానికి మూడుసార్లు పెనుకొండ మీదుగా హిందూపురం పోవాలి. అక్కడ పట్టునూలు ఎక్కించుకుని, దారిలో చీరలు ఇవ్వాల్సిన చోట ఇచ్చి, పొద్దు గూకేలోగా తిరిగి రావాలి. రానూపోనూ నూట డెబ్భై కిలోమీటర్లు. నాకు పదకొండేళ్ళుగా సుగరు ఉంది. మొదట్లో పడుకుంటే చాలు అరికాళ్ళు మండేవి. ఆ చలికాలంలో మంటలు తగ్గిపోయాయి. పోనీలే, మందులు పనిచేస్తున్నాయి అనుకున్నాను. మంటలతో పాటు కాలు కూడా పోయిందని చెప్పు జారిన రోజున తెలిసింది.

క్లచ్చు తొక్కేది ఆ కాలే. అయినా బండి నడిపాను. చెవితో నడిపాను. పాత పెట్రోలు కారు ఇంజను నోరున్న మనిషి లాంటిది. క్లచ్చు వదిలేకొద్దీ దాని గొంతు బరువెక్కుతుంది, తొక్కితే తేలికపడుతుంది. కాలు ఎక్కడ ఉందో కాలు చెప్పకపోయినా ఇంజను చెప్పేది. గేరు మారేటప్పుడు ఎప్పుడైనా ఒక కుదుపు వచ్చేది. బండి పాతబడింది కదా అనుకునేవాళ్ళు.

ఎవరికీ చెప్పలేదు. మాకు ఒక్కతే కూతురు, రేఖ. హిందూపురంలో నర్సింగు ఆఖరి సంవత్సరంలోకి వచ్చింది. పుట్టమ్మ మగ్గం మీద వచ్చేది ఇంటికి సరిపోయేది, నా జీతం రేఖ చదువుకు పోయేది.

ఉగాదికి రెండు రోజుల ముందు పావని ఎలక్ట్రిక్ కారు తెచ్చింది. పావని వేణుమాధవ్ గారి కూతురు. ముప్పై దాటిన మనిషి, రెండేళ్ళుగా వ్యాపారం సగం ఆమే చూస్తోంది. తండ్రికి చెప్పే కొన్నది గానీ ఒప్పించి కొనలేదు. షాపు ముందు కొత్త కారు నిలబడి ఉంటే, ఆయన మెట్ల మీద నుంచి దిగకుండానే అడిగారు.

"పదహారు లక్షలు పోసినావు. ఇట్లాంటిదే పెట్రోలుది పదకొండుకు వస్తాది. ఆ ఐదు లక్షలకు ఎన్నేండ్లు పెట్రోలు పోసుకోవచ్చునో చూసినావా?"

"చూసినా నాయనా. మనం తిరిగే తిరుగుడుకు మూడేండ్ల చిల్లర. ఆ తర్వాత మిగులే."

"బ్యాటరీ పోతే?"

"ఎనిమిదేండ్లు గ్యారంటీ ఉండాది."

"కాగితం మీద ఉంటాదిలే," అని ఆయన నా వైపు తిరిగారు. "శివా, రెండు నెలలు రెండు బండ్లూ నడుపు. ఒక వారం ఇది, ఒక వారం అది. ఎంత పెట్రోలు తాగింది, ఎంత కరెంటు తాగింది, యాడ ఎంతసేపు నిలబడినావు, అన్నీ ఒక పుస్తకంలో రాయి. ఈమె చెప్పేది నమ్మను, కంపెనీవాళ్ళు చెప్పేది అసలే నమ్మను. నువ్వు రాస్తే నమ్ముతా. ఏది మేలైతే అది పెట్టుకుందాం, రెండోది అమ్మేద్దాం."

నేను తలుపు తీసి లోపలికి వంగి చూశాను. పెడళ్ళు రెండే ఉన్నాయి.

"ఎడమకాలికి ఏం పని లేదు శివన్నా, మడిచి పెట్టుకో," అంది పావని.

నవ్వాను. నిజంగానే నవ్వు వచ్చింది. పెట్రోలు బండి మేలని తేలితే ఇంకెన్నాళ్ళు నెట్టుకొస్తానో తెలియదు. ఇది మేలని తేలితే అరవై దాకా నడపొచ్చు. ఆలోపు రేఖ చదువు ఎప్పుడో అయిపోతుంది. నిలబడిన చోటే అంతా లెక్కవేసుకున్నాను.

మొదటి రోజు చెన్నేకొత్తపల్లి దాకా ఆ బండి నాకు అర్థం కాలేదు. స్టార్టు చేస్తే స్టార్టయినట్టు ఉండదు. తొక్కితే అరవకుండా పోతుంది. లారీని దాటాలంటే పాత బండిలో గేరు దించి, ఊపిరి బిగబట్టి, ఇంజను గింజుకుంటుంటే దాటేవాణ్ణి. ఇది తలచుకునేలోగా దాటేసి ముందు ఉంటుంది. కుడికాలు పైకి లేపితే చాలు, బ్రేకు తొక్కినట్టే నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదించడంలో కొంచెం కరెంటు మళ్ళీ బ్యాటరీలోకి పోతుందని పావని చెప్పింది. లోపల ఏసీ చప్పుడు, టైర్ల చప్పుడు, అంతే. వెనక సీట్లో చీరల మూటలు ఒకదానికొకటి రాసుకుంటే ఆ గరగర కూడా వినిపించింది.

"ఎట్లుండాది శివన్నా?" అంది పక్కన కూర్చున్న పావని.

"బాగుండాదమ్మా. మాట్లాడదు, అంతే," అన్నాను.

రాత్రి షాపు మీటరుకు తగిలిస్తే తెల్లారేసరికి నిండేది. హిందూపురం పోయి రావడానికి పాత బండి పన్నెండు లీటర్లు తాగుతుంది, పదమూడు వందల పైన. ఇది ఇరవై ఏడు యూనిట్లు, మూడు వందల లోపల. రోడ్డు పక్కన చార్జింగు స్టేషన్లో పెడితే మాత్రం రెండింతలకు పైన అవుతుంది. అదీ రాశాను. నిండితే నాలుగువందల యాభై కిలోమీటర్లు వస్తుందని కంపెనీవాళ్ళు చెప్పింది, మన ఎండకు, ఏసీకి మూడువందలకు దిగింది. అదీ రాశాను.

ఒకరోజు హిందూపురం నుంచి అనుకోకుండా బెంగళూరు దాకా పోవాల్సి వచ్చింది. అక్కడ కొంచెం చార్జింగు ఎక్కించినా, తిరిగి వచ్చేసరికి పెనుకొండ దగ్గర ముప్పై కిలోమీటర్లకే మిగిలిందని బండి చూపించింది. ధాబా పక్కనున్న చార్జరు చచ్చిపోయి ఉంది. ఇంకోచోటికి పోతే అక్కడ ఒక కారు ముందే తగిలించి ఉంది. దాని ఓనరు లోపల భోజనం చేస్తున్నాడు. పావనీ నేనూ గంటన్నర నిలబడ్డాం. వేణుమాధవ్ గారు మూడుసార్లు ఫోను చేశారు. "పెట్రోలు బంకులో ఐదు నిమిషాల పని," అని మూడుసార్లూ అదే అన్నారు.

ఆ గంటన్నర రాయకుండా వదిలేయొచ్చు. పావని నోరు తెరిచి అడగలేదు గానీ పుస్తకం వైపు చూసింది. రాశాను. పెనుకొండ, గంటా ముప్పై ఐదు నిమిషాలు. నాకు ఆ బండి కావాలి. కావాలి కాబట్టే ఒక్క అంకె కూడా తప్పు రాయలేకపోయాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

పావనికి లైసెన్సు ఉంది గానీ గేర్లంటే భయం, ఎప్పుడూ నడపలేదు. ఈ బండిలో గేర్లు లేవు కాబట్టి చెన్నేకొత్తపల్లి నుంచి ధర్మవరం దాకా ఖాళీ రోడ్డులో ఆమె నడిపేది, నేను పక్కన కూర్చునేవాణ్ణి. నెల తిరిగేసరికి బాగానే నడిపింది.

ఏప్రిల్ చివరలో, పావని నూలు చూస్తూ ఉండగా, రేఖ హాస్టలు దగ్గరకి నాలుగు మామిడికాయలు తీసుకుని పోయాను. గేటు బయట వేపచెట్టు నీడలో నిలబడి మాట్లాడుకున్నాం.

"సుగరు చూపిచ్చుకున్నావా నాయనా?"

"ఆ, బాగుండాది."

"ఎంత ఉండాది?"

"బాగుండాదంటి కదా."

"కాళ్ళు మంటలో అని ముందు అమ్మ చెప్తాండె. ఇప్పుడెట్లుండాది?"

"మంటలు అన్నీ పోయినాయి," అన్నాను. అది నిజమే కాబట్టి గట్టిగానే అన్నాను.

రేఖ మామిడికాయ వాసన చూస్తున్నదల్లా ఆపేసింది. "ఎప్పుడు పోయినాయి?"

"చలికాలంలోనే."

"పోతే మంచిది కాదు నాయనా. యాదీ, కూర్చో. చెప్పులు తియ్యి. మా దగ్గర దారం మాదిరి ఒకటి ఉంటాది, దాంతో అరికాలు పొడిచి చూస్తారు. ఒక్క నిమిషం, తెస్తా."

"నడీరోడ్డులో చెప్పులు తీసేదేంటికి? పావనమ్మ ఎదురు చూస్తాంటాది," అని బయలుదేరాను. వెనక నుంచి రెండుసార్లు పిలిచింది. అప్పటికే నేను నడుస్తున్నప్పుడు కిందికి చూస్తూ నడిచేవాణ్ణి. ఆ రోజు కూతురు చూస్తోందని తల ఎత్తుకుని నడిచాను. మలుపు తిరిగేదాకా ఎట్లా నడిచానో.

మే నెల మూడోవారం, కొత్త బండి వంతు. హిందూపురం నుంచి తిరిగి వస్తున్నాం. సాయంత్రం నాలుగున్నర, ఎండ ఇంకా తెల్లగా ఉంది. పెనుకొండలో ఒక షాపుకు చీరలు ఇచ్చి, ఊరు దాటి హైవే ఎక్కే రోడ్డులో పోతున్నాం. పావని వెనక కూర్చుని ఫోనులో ఎవరికో రేటు చెబుతోంది. దూరంగా గొర్రెలు రోడ్డు దాటుతున్నాయి. ఎనభయ్యో, వందో ఉంటాయి. ముందు ఒక ముసలాయన, భుజం మీద కంబళి.

కాలు లేపాను. లేపితే బండి నెమ్మదించాలి. నెమ్మదించలేదు.

స్క్రీను మీద అంకె యాభై రెండు నుంచి యాభై ఆరు అయింది. ఇంకొంచెం లేపాను. అరవై. బండికి ఏదో అయిందనుకున్నాను. అప్పుడు కిందికి చూశాను. నా కుడికాలు పెడలు మీద వాలి ఉంది. మోకాలు లేచింది గానీ పాదం అక్కడే ఉంది. ఎవరో నిద్రపోతూ నా పెడలు మీద కాలు వేసినట్టు ఉంది. ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుని, కుడిచేత్తో తొడ పట్టి లేపి, బ్రేకు మీద పడేసి, నడుముతో నొక్కాను.

ఒక గొర్రె బంపరుకు తగిలి పక్కకు పడింది. బండి ఆగింది. ముసలాయన అరచెయ్యి బానెట్టు మీద ఉంది. బండిని ఆపడానికి అడ్డం పెట్టిన చెయ్యి. ఆయన కడుపుకు, బండికి మధ్య మూరెడు కూడా లేదు.

నాకు భయం వేయలేదు. వేయాల్సింది. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉన్నాను. పాత బండి అయితే కాలు లేవలేదని ఇంజను అరిచి చెప్పేది. ఇది చెప్పలేదు. అదొక్కటే నా తలలో తిరుగుతూ ఉంది.

పావని దిగింది. ముసలాయన పేరు హనుమప్ప, ఆ పక్క పల్లె. గొర్రె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది కాసేపు కాళ్ళు తన్నుకుని ఆగిపోయింది.

"సద్దే లేదప్పా మీ బండికి," అన్నాడు హనుమప్ప. కోపంగా అనలేదు. "సద్దుంటే గొర్రెలు తప్పుకుంటాయి. నేనూ తప్పుకుంటా. దయ్యం మాదిరి వచ్చె."

"తప్పే తాతా," అంది పావని. డబ్బులిచ్చింది. ఆయన లెక్క చూసుకోలేదు, నడుముకు దోపుకున్నాడు. గొర్రెను రోడ్డు పక్కకు ఇద్దరం మోశాం. నా కాలు తడబడింది. "మెల్లగప్పా," అని ఆయనే నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు వెనక కూర్చో శివన్నా, నేను తోల్తా," అని పావని తనే నడిపింది. ఇల్లు చేరేలోగా "నీ తప్పేం లేదు," అని ఆమె రెండుసార్లు అంది. కాలి సంగతి నేను చెప్పలేదు.

మర్నాడు షాపులో వేణుమాధవ్ గారు పుస్తకం అడిగి తీసుకుని అంతా చదివారు. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివారు. "డబ్బులు మిగుల్తాండాయి. ఒప్పుకుంటా," అన్నారు. "అయినా సద్దులేని బండి మనకొద్దు. ఈ పొద్దు గొర్రె, రేపు బిడ్డ. హిందూపురంలో ఒగాయన అడిగినాడు, వచ్చే సోమవారం వచ్చి చూస్తాడు. నష్టానికైనా ఇచ్చేద్దాం. శివా, ఇంక పాతదే తియ్యి."

పావని నాకేసి చూసింది. నేను ఏదైనా అంటానని చూసింది. నేను పాత బండి తాళాలు తీసుకున్నాను.

ఆ వారం మూడుసార్లు పాత బండిలో హిందూపురం పోయి వచ్చాను. ఒక్క తప్పు జరగలేదు. తాళం తిప్పగానే ఇంజను పలికింది. కుడికాలు వాలితే అరిచేది, నేను లేపేవాణ్ణి. ఎడమకాలు సగంలో ఆగితే మూలిగేది, నేను తొక్కేవాణ్ణి. ఇంకో ఏడాది నడపగలనని అర్థమైంది. జాగ్రత్తగా ఉంటే రెండేళ్ళు. ఎలక్ట్రిక్ బండి అమ్ముడుపోతే అందరూ ఆ సంగతి మరిచిపోతారు. తప్పు దాని మీదే పోతుంది. అన్నం తిన్నాను, నిద్రపోయాను. పుట్టమ్మ అడిగినదానికి జవాబు చెప్పాను. లోపల మంచి గానీ చెడు గానీ ఏమీ అనిపించలేదు.

శనివారం తిరుగుదారిలో, పెనుకొండ దాటాక అదే చోట హనుమప్ప కనిపించాడు. గొర్రెలు ఈసారి రోడ్డు పక్కనే మేస్తున్నాయి. బండి చప్పుడు విని ముందే చెయ్యెత్తి ఆపాడు. పావని ఆ రోజు రాలేదు, నేనొక్కణ్ణే. కిటికీ దించాను.

"బండి మార్చినావా అప్పా? మేలు చేసినావు," అన్నాడు. "దీనికి సద్దుండాది. యాడో ఉండంగానే తెలిసె." ముందుకు వచ్చి బానెట్టు మీద అరచేత్తో రెండు తట్లు తట్టాడు. అదే చెయ్యి. "కొంచిం మజ్జిగ ఉండాయి, తాగుతావా?"

తాగాను. చెంబు తిరిగి ఇచ్చాను. ఇంజను నడుస్తూనే ఉంది. గేరు వేసి బయలుదేరాను. ధర్మవరం దాకా ఎప్పటికన్నా నిమ్మళంగా నడిపాను. ఆ బండి తోలడం నాకు అదే ఆఖరు.

షాపులో వేణుమాధవ్ గారు, పావని ఇద్దరూ ఉన్నారు. ఆయన ఫోనులో సోమవారం బేరం గురించి మాట్లాడుతున్నారు. ఆయన ఫోను పెట్టేదాకా నిలబడ్డాను.

"సార్, ఆ బండి అమ్మొద్దండి," అన్నాను.

"ఎందుకప్పా?"

చెప్పులు విడిచాను. గోడ పక్కన చీరలు కట్టే పిన్నుల డబ్బా ఉంది. అందులోంచి ఒకటి తీసి, స్టూలు మీద కూర్చుని, కుడికాలు మోకాలి మీద వేసుకుని, బొటనవేలి కింద గుచ్చాను. వేణుమాధవ్ గారు "ఏయ్!" అన్నారు. కొంచెం రక్తం వచ్చింది. నేను ఆయన మొహమే చూస్తున్నాను.

"తెలీదు సార్. ఎడమది ఇంకా మోకాలి కిందికంతా తెలీదు. ఆ పొద్దు కాలు లేపినా అనుకున్యా. లేవలేదు. బండి తప్పు లేదు."

షాపులో ఫ్యాను తిరుగుతోంది.

"ఎన్ని దినాలాయ?" అంది పావని.

"ఎడమది శివరాత్రికి ముందునుంచీ. కుడిది ఎప్పుడో నాకే తెలీదమ్మా."

వేణుమాధవ్ గారు లేచి నిలబడ్డారు. పంతొమ్మిదేళ్ళలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నా బిడ్డను ఎక్కించుకోని తిప్పినావు కదరా," అన్నారు. అంతే. చెయ్యి చాపారు. తాళాలు పెట్టాను. ఆయన తాళాలతో లోపలికి వెళ్ళిపోయారు. పావని కిందికి వంగి నా చెప్పులు రెండూ నా కాళ్ళ దగ్గరకు జరిపింది. వద్దమ్మా అన్నాను, జరిపింది.

ఇంటికి వచ్చి పుట్టమ్మకు చెప్పాను. మగ్గం గుంతలో కూర్చుని ఉంది. పోగు దూర్చే నాడె చేతిలోనే పట్టుకుని విన్నది. "ఆ పొద్దు చెప్పు తెగలేదు కదా," అంది. లేదన్నాను. తల ఊపి, మళ్ళీ నాడె విసిరింది. ఆ పూటకు అంచు పూర్తి చేసిగానీ లేవలేదు.

హిందూపురంలో డాక్టరు దగ్గరకు రేఖే తీసుకుపోయింది. మిగిలింది కాస్త నిలుపుకోవచ్చునేమో గానీ పోయింది తిరిగి రాదని చెప్పాడు. బండి నడపకూడదన్నాడు. కంటికి కనపడే పని, చేత్తో చేసే పని చేసుకోమన్నాడు. బయటికి వచ్చాక రేఖ బస్టాండులో నా పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. నాకు ఏడుపు రాలేదు.

జూన్ మొదటివారంలో వేణుమాధవ్ గారు పాత పెట్రోలు బండి అమ్మేశారని తెలిసింది. ఎలక్ట్రిక్ బండి ఉంచారు. పావనే నడుపుతోంది. ఒకరోజు పొద్దున్నే ఆ బండి మా సందు మొదట్లో వచ్చి ఆగింది. చప్పుడు లేదు కాబట్టి ఆమె లోపలికి వచ్చి పిలిచేదాకా మాకు తెలియదు.

"నాయన రమ్మన్నాడు శివన్నా. షాపులో చీరలు మడిచి ప్యాకింగు చేసే మనిషి కావాల. జీతం ముందంత ఇయ్యలేడంట."

"ఏమన్నాడు నిజంగా?"

"చేతులు బాగుండాయి కదా, రమ్మను అన్నాడు. అంతే."

"వస్తా," అన్నాను. "ముందు పెనుకొండకొకసారి తీసుకోని పోతావామ్మా?"

ఎందుకని అడగలేదు. ఆమె నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. సోమందేపల్లి వైపు మబ్బు పట్టి ఉంది. హనుమప్పను వెతకడానికి గంట పట్టింది. ఒక బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నిలబడి, ఉన్నదంతా చెప్పాను. చెప్పింది చాలా తక్కువ, రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయన నా కాళ్ళు చూశాడు. తర్వాత బండిని చూశాడు.

"అయితే తప్పు బండిది కాదు."

"కాదు."

"నా గొర్రెది కాదు."

"కాదు."

"నాది కూడా కాదు. గొర్రెల్ని కొంచిం ముందే మళ్ళేసింటే బాగుండు అని నేను అనుకుంటాంటి ఇన్ని దినాలు," అన్నాడు. కర్రతో నేల మీద ఒక గీత గీశాడు, మళ్ళీ చెరిపాడు. "సరే పో అప్పా. వాన వచ్చేట్టుండాది."

తిరిగి వస్తూ పావని ఏదో అడిగింది. వినలేదు. ఆ ముసలాయన అన్ని రోజులు తన తప్పని అనుకున్నాడు. ఆ సంగతి ఎంతకీ నాలో దిగలేదు, పైనే తేలుతూ ఉంది.

సాయంత్రానికి ధర్మవరంలో వాన పడింది, ఆ ఏడు తొలి వాన. కరెంటు పోయింది. మగ్గం ఆపి పుట్టమ్మ తంబాళంలో నీళ్ళు తెచ్చి నా ముందు కూర్చుంది. పూటపూటా కాళ్ళు కడిగి, దెబ్బ ఏదైనా ఉందేమో చూడాలని రేఖ ఫోనులో ఆమెకు నేర్పింది. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆమె నా కాళ్ళు ఎన్నడూ పట్టలేదు, పట్టమని నేనూ అడగలేదు. ముందు ఎడమకాలు ఒళ్ళో పెట్టుకుంది. నేనేమో గోడ వైపు చూస్తున్నాను.

"తెలుస్తాండాదా?"

"లేదు."

వేళ్ళ సందులు చూసింది. మడమ చూసింది. చెయ్యి పైకి జరిపింది.

"ఈడ?"

"లేదు."

బయట వాన పెరిగింది. వేడెక్కిన బండల వాసన లోపలికి వచ్చింది. ఆమె తొందరపడలేదు. అంగుళం అంగుళం చెయ్యి పైకి జరుపుతూ, ప్రతిసారీ అడుగుతూ ఉంది. నేను ప్రతిసారీ లేదంటూ ఉన్నాను. మోకాలి చిప్ప దాటాక ఏదో చల్లగా తగిలింది. తడి. ఆమె వేళ్ళు, నూలు పట్టి పట్టి గరుకెక్కిన వేళ్ళు.

"ఆ," అన్నాను. "ఆడ."

పుట్టమ్మ చెయ్యి అక్కడే ఉంచింది. ఇంకేమీ అడగలేదు. వాన వెలిసేదాకా ఇద్దరం అట్లానే కూర్చున్నాం.